నాలుగు గ్లాసులు

గడియారమైతే చెవి దగ్గర పెట్టుకుంటే చాలు,
బతికుందో లేదో అదే చెబుతుంది.
నలభై ఏళ్ళు గ్యూమ్రీలో, స్టేషన్ వీధి మలుపులో
నేను చేసిన పని అదే.
ఇవాళ పెరుగు డబ్బా కూడా పెట్టుకున్నాను,
సూపర్ మార్కెట్లో, నలుగురూ చూస్తుండగా.
ఏమీ వినపడలేదు.
సరుకు సర్దుతున్న పిల్ల మాత్రం నవ్వింది.

మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ సతెనిక్
ఒక్కటే అప్పజెప్పింది:
"రోజు విడిచి రోజు పాలు కాచి తోడెయ్యి. అంతే."
పదకొండు రోజులు మరిచిపోయాను.
పన్నెండో రోజు మూత తీస్తే
వాళ్ళ అమ్మమ్మ నాటి తోడు మీద
గులాబీ రంగు బూజు,
నా బదులు అది సిగ్గుపడ్డట్టు.
గురువారం ఆమె ఇంటికొస్తుంది.
ఇవాళ సోమవారం.

నాలుగు కొట్లలో నాలుగు డబ్బాలు కొన్నాను.
మాత్సున్ అన్న అక్షరాలు పెద్దవి,
ఆవు ఇంకా పెద్దది, వెనకాల కొండ అన్నిటికన్నా పెద్దది.
కంటికి భూతద్దం బిగించి
బాలెన్స్ చక్రం కింద నలుసు వెతికినట్టు వెతికితే
అంచు మడతలో, చీమ తలకాయంత:
"తోడుకున్న తరువాత వేడిచేయబడినది."
అంటే ప్రాణం పోసి, మళ్ళీ ఉడకబెట్టారన్నమాట.
దానికి మూడు నెలల ఆయుష్షు రాశారు.
చచ్చినదానికి గడువు ఎంతైనా వెయ్యొచ్చు.

నాలుగోదాని గడువు రేపటితో సరి. సగం ధర.
"తీసుకో తాతా, లేకపోతే మేమే పారేస్తాం,"
అంది ఆ నవ్విన పిల్లే.

పాలు కాచాను. చిటికెన వేలు ముంచి
పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగాక
నాలుగు టీ గ్లాసుల్లో పోశాను, తలా ఒక చెంచా వేశాను.
రిపేరుకొచ్చిన గడియారాలకు కట్టే చీటీలే
దారంతో కట్టాను: ఒకటి, రెండు, మూడు, నాలుగు.
నా గొర్రెతోలు కోటు కప్పి, పొయ్యి పక్కన.

రాత్రి మూడుసార్లు లేచాను.
గడియారాన్ని విప్పి చూడొచ్చు, దీన్ని కదపకూడదు.
చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచోవడం
నాకు ఎవరూ నేర్పలేదు.

తెల్లారి చూస్తే
ఒకటోది పాలు. నిన్నటి పాలే.
రెండోది జిగురు, చెంచా ఎత్తితే తీగ సాగింది;
డబ్బాలో అంత గట్టిగా నిలబడింది పిండి బలంతోనే కాబోలు.
మూడోదాని గురించి చెప్పడానికేం లేదు.
నాలుగోది వంచాను.
కదల్లేదు.
ఒక ముక్క తీస్తే ఆ గుంటలో
లేత పసుపు నీరు మెల్లగా ఊరింది.
చెవి దగ్గర పెట్టుకోలేదు.

గురువారం సతెనిక్ చేతికర్రతో వచ్చి
కోటైనా విప్పకుండా ఫ్రిజ్ తెరిచింది.
ఒక చెంచా నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసి,
"ఇది నాది కాదు," అంది.
అద్దం ముందు వల్లెవేసిన అబద్ధం గొంతులోనే ఉండిపోయింది.
ఒప్పేసుకున్నాను: పదకొండు రోజులు, బూజు, వాళ్ళ అమ్మమ్మ.

మోకాలు పట్టుకుని నవ్వింది.
"ఏ అమ్మమ్మ, హ్రాచ్యా?
కరెంటు లేని ఆ చలికాలం గిన్నెతో సహా గడ్డకట్టి పగిలింది.
బజార్లో ఎవరో ముసలామె దగ్గర కొన్నాను.
పిల్ల పెళ్ళి హడావిడిలో ఇంకోసారి పోయింది.
అప్పుడు కొట్లో కొన్నాను. నీకు చెప్పలేదు, అంతే.
ఇన్నేళ్ళూ తిన్నావు, తేడా తెలిసిందా?"

తెలియలేదు.

గ్లాసుకున్న దారం వేలికి చుట్టుకుంటూ అడిగింది,
"నాలుగోది ఏ కొట్టుది?"
చెప్పాను.
"రాసిపెట్టు. మళ్ళీ మరిచిపోతావు."

రాశాను. చీటీ వెనకాల,
గడియారం తిరిగిచ్చే తారీఖు వేసే చోట.
ఈలోగా ఆమె పొయ్యి మీద పాలు పెట్టింది.